ఐదుగురి పేర్లు రాశాను, ఒక్కడి కోసం నాలుగుసార్లు గడ్చిరోలి వెళ్లాను

2024 ఆగస్టు 12న మా మూడో తరగతి పిల్లలు ఇరవై ముగ్గురిచేత, ఒక్కొక్కరిని బల్ల దగ్గరకు పిలిచి, రెండో తరగతి మరాఠీ వాచకంలో ఒక పేజీ చదివించాను. ఐదుగురు చదవలేకపోయారు. ఆ ఐదుగురి పేర్లూ కాగితం మీద రాసి, వీళ్లను ప్రత్యేక విద్య కింద పరీక్షకు పంపించాల్సిందేనని ఆ సాయంత్రమే నిశ్చయించుకున్నాను. ఆ రోజుకూ, వాళ్లలో ఒక పిల్లవాడి చేతికి, చదవడంలో వైకల్యం ఉందన్న ధ్రువపత్రం వచ్చిన 2025 ఏప్రిల్ 23కూ మధ్య 254 రోజులు గడిచాయి. ఆ రోజుల్లో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, నేను ఎక్కడ తప్పు చేశానో నాలాంటి ఉపాధ్యాయులకు పనికొస్తుందని రాస్తున్నాను.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకాలో ప్రాణహిత ఒడ్డునున్న పల్లె. జిల్లా పరిషత్ ప్రాథమిక పాఠశాల, నాలుగు తరగతులకు ఇద్దరం ఉపాధ్యాయులం. పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. రెండు మూడు ఇళ్లలో గోండి. నేనూ ఈ తాలూకాలోనే అలా చదువుకున్నదాన్ని కనుక పిల్లల ఇబ్బంది నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదని ఒక ధీమా ఉండేది. ఆ ధీమాయే మొదట నన్ను తప్పుదారి పట్టించింది.

పిల్లల పేర్లు పంపేందుకు ఎన్‌సీఈఆర్‌టీ వాళ్ల ప్రశస్త్ అనే యాప్ ఉంది. అందులో మొదటి భాగం తరగతి ఉపాధ్యాయులు నింపాలి, ప్రధానోపాధ్యాయుడు దాన్ని పైకి పంపాలి, రెండో భాగం విశేష్ శిక్షకుడు, అంటే ప్రత్యేక విద్య ఉపాధ్యాయుడు, నింపుతారు. మా బడిలో సిగ్నలు ఉండదు. నీళ్ల ట్యాంకు మెట్ల మీద నిలబడితే వస్తుంది, అదీ అవతలి ఒడ్డు తెలంగాణ టవరు నుంచి. ఐదుగురికి ఐదు సాయంత్రాలు పట్టింది. దానితోపాటు ఒక్కో పిల్లవాడి గురించి కాగితం మీద నాలుగు ముక్కలు రాసి, చుట్టుపక్కల బడులను పర్యవేక్షించే కేంద్ర ప్రముఖ్ గారికి నెలవారీ సమావేశంలో ఇచ్చాను. ఏం రాశానో చెప్పడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. “చదువుపై శ్రద్ధ లేదు. చెప్పింది గుర్తుంచుకోడు. ఇంట్లో పట్టించుకోరు.” ఐదుగురికీ కొంచెం అటూ ఇటూగా ఇదే.

సెప్టెంబరు 11న తాలూకా గట్ సాధన్ కేంద్రంలో (బడులకు తోడ్పడే వనరుల కేంద్రంలో) పనిచేసే విశేష్ శిక్షకుడు ఫోను చేశారు. ఆయనది నాగపూర్ వైపు, తెలుగు రాదు. “మేడం, మీ కాగితాలు చూశాను. ఇందులో మీ అభిప్రాయం ఉంది గానీ పిల్లవాడు ఏం చేస్తున్నాడో లేదు. రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకుని, చూసింది చూసినట్టు రాయండి, ఆ తర్వాత నేను వస్తాను” అన్నారు. నాకు కోపం వచ్చింది. రెండు తరగతులను ఒకే గదిలో కూర్చోబెట్టుకుని నడిపే మనిషిని ఇంకా రాయమంటారేమిటి అనుకున్నాను. అయినా వంద పేజీల నోట్‌బుక్ ఒకటి కొన్నాను.

చివరికి ధ్రువపత్రం అందుకున్న ఆ పిల్లవాణ్ని ఇంట్లో చిన్నోడు అంటారు, నేనూ ఇక్కడ అలాగే రాస్తాను. అప్పటికి వాడికి తొమ్మిదేళ్లు. నోట్‌బుక్‌లో వాడి పేజీలు కొన్ని ఉన్నవి ఉన్నట్టే: “సెప్టెంబరు 16. ఫలకం మీద పది పదాలు చూసి రాయమన్నాను. నలభై నిమిషాల్లో నాలుగు రాశాడు. సెప్టెంబరు 17. ఉదయం ‘ఘర్’ అన్న పదం మూడుసార్లు చదివాడు, మధ్యాహ్నం అదే పదం వేరే పేజీలో చూపిస్తే పోల్చుకోలేదు. సెప్టెంబరు 19. 38లో నుంచి 19 తీసేస్తే ఎంత అని నోటితో అడిగితే కాసేపు ఆలోచించి పంతొమ్మిది అన్నాడు. పలక మీద మాత్రం 91 వేశాడు. సెప్టెంబరు 20. పాఠం గడగడా చదువుతున్నాడు. బొమ్మ మీద అరచెయ్యి పెట్టాను, ఆగిపోయాడు.” ఆ చివరి రోజు నాకు బాగా గుర్తు. చెయ్యి తీస్తానేమోనని వాడు నా గాజుల వైపే చూస్తూ నిలబడ్డాడు. అంతకుముందు రెండేళ్లు వాడు బొమ్మలు చూసి, పక్కవాళ్లు చదువుతుండగా విని, పాఠాలు నడిపించుకొచ్చాడన్నమాట. అది శ్రద్ధ లేని పిల్లవాడు చేసే పని కాదు.

దేవనాగరిలో ఘ, ధ ఒకేలా ఉంటాయి, భ, మ కూడా అంతే. వాటిని తికమకపడినవాళ్లందరికీ చదవడంలో వైకల్యం ఉందనుకుంటే నా తరగతిలో సగంమందిని పంపాల్సి వస్తుంది. ఈ మాట నేను కాదు, సెప్టెంబరు 30న బడికి వచ్చిన విశేష్ శిక్షకుడు అన్నారు. ఆయన ఆ రోజు చేసిన పని ఇంత అవస్థలోనూ నాకు దక్కిన పెద్ద పాఠం. మరాఠీ వాచకం తీయనే లేదు. “అక్షరాలు వద్దు. మీ ఇంటి భాషలో ఒక పదం నోటితో చెప్పి ముక్కలు చేయించండి, నేను పక్కన కూర్చుని చూస్తాను” అన్నారు. మాకు తెలుగు అక్షరాలు నేర్పే బడి కాదు కనుక ఎవరికీ తెలుగు రాయడం రాదు, అందరూ ఒకే మెట్టు మీద ఉన్నట్టే. బాగా చదివే పిల్ల ఒకతెను పిలిచి, ‘పలక’లో ‘ప’ తీసేస్తే ఏం మిగులుతుంది అని అడిగాను. “లక” అంది, ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తూ. చదవలేని ఐదుగురిలో ముగ్గురు కూడా, ఒకరు వెంటనే, ఇద్దరు రెండో ప్రయత్నంలో, అదే చెప్పారు. చిన్నోణ్ని అడిగితే చాలాసేపు ఆలోచించి, “బలపం” అన్నాడు.

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు, ఏమన్నాడో నన్నడిగి తెలుసుకుని రాసుకున్నారు. ‘మామిడి’ని చప్పట్లతో ముక్కలు చేయమంటే ఒకసారి రెండు, ఒకసారి నాలుగు కొట్టాడు. ‘కాకి’లాగా వినబడే మాట చెప్పమంటే “కొంగ” అన్నాడు. మాట అర్థం వాడికి తెలుసు, తెలుగు ధారాళంగా మాట్లాడతాడు, కానీ మాటలో ఉన్న చప్పుళ్లు విడివిడిగా చెవిన పడడం లేదు. ఇంట్లో మాట్లాడే భాషలోనే అలా ఉందంటే ఇబ్బంది మరాఠీది కాదు. ఈ తేడా చూడకుండానే నేను ఐదు పేర్లు పైకి పంపాను.

మిగిలిన నలుగురి సంగతి త్వరగానే తేలింది. ఒక అమ్మాయిది గోండి మాట్లాడే ఇల్లు, మా బడికి కొత్త. నాలుగో తరగతి చదివే వాళ్ల అక్క చేత గోండిలో అడిగిస్తే అన్నీ చెప్పింది. ఇద్దరు అంతకుముందు ఏడాది సగం రోజులు బడికే రాలేదు, హాజరుపట్టీ తిరగేసి ఉంటే నాకే తెలిసేది. నాలుగోవాడు ఫలకానికి దగ్గరగా వస్తే చదువుతున్నాడు. బడికి వచ్చే బాల స్వాస్థ్య వైద్య బృందం వాడికి కళ్లద్దాలు రాసింది. నా జాబితాలో ఒక్కడే మిగిలాడు.

అక్టోబరు నెలంతా తల్లిదండ్రుల ఒప్పుదల దగ్గరే పోయింది. రాతపూర్వకమైన సమ్మతి లేనిదే ముందుకు వెళ్లకూడదు. మూడుసార్లు వాళ్లింటికి వెళ్లాను. మొదటిసారి చిన్నోడి నాన్న, “మా పోరనికి పిచ్చి లేదు మేడం. ముద్ర ఒక్కసారి పడితే మళ్ల పోదు గదా” అన్నాడు. నేను చట్టం గురించి, 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టంలో 21 రకాల వైకల్యాలలో ఇదీ ఒకటని, సదుపాయాలు ఉంటాయని చెప్పుకుంటూ పోయాను. అది విన్నకొద్దీ ఆయన ముఖం ఇంకా బిగుసుకుంది. వైకల్యం అన్న మాట ఆయన చెవిలో పడగానే తక్కినదంతా వృథా. రెండోసారి ఆయన ఇంట్లో లేడు. మూడోసారి చట్టం జోలికి పోలేదు. నోట్‌బుక్ తీసుకెళ్లి వాడి పేజీలు తెలుగులో చదివి వినిపించాను. బొమ్మ మీద చెయ్యి పెట్టిన సంగతి చదివినప్పుడు వాళ్లమ్మ చేస్తున్న పని ఆపింది. “ఇంట్ల గూడ గంతనే మేడం. నేను చదువుతున్న అని అటూ ఇటూ తిప్పుతడు, పుస్తకం దిక్కు చూడడు” అంది. అక్టోబరు 24న ఇద్దరూ సంతకం చేశారు.

తాలూకాలోనే నవంబరులో పరీక్షా శిబిరం ఉంటుందని, అక్కడైతే ఖర్చుండదని అనుకున్నాం. దీపావళి సెలవులు, ఆ వెనకే నవంబరు 20న విధానసభ ఎన్నికలు వచ్చాయి. మేమందరం ఎన్నికల విధుల్లో పడ్డాం, శిబిరం వాయిదా పడింది. మళ్లీ ఎప్పుడో తేలకపోవడంతో నేరుగా జిల్లా ఆసుపత్రికే వెళ్లడం మేలని విశేష్ శిక్షకుడు ఉత్తరం రాసి ఇచ్చారు. మా ఊరి నుంచి గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. మా తాలూకా నుంచి అహేరి, ఆలాపల్లి మీదుగా వెళ్లే ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఇక్కడివాళ్లకు చెప్పనక్కరలేదు. నది దాటితే మంచిర్యాలలో ప్రైవేటు డాక్టర్లు ఉన్నారు, మూడు గంటల్లో పని అవుతుందని చాలామంది సలహా ఇచ్చారు. కానీ పిల్లవాడి ఆధార్ చిరునామా మహారాష్ట్రలో ఉన్నప్పుడు ధ్రువపత్రం మన జిల్లా వైద్య మండలి నుంచే రావాలి.

డిసెంబరు 4 తెల్లవారుజామున ఐదింటికి నేను, చిన్నోడు, వాళ్లమ్మ ఎర్ర బస్సు ఎక్కాం. బయలుదేరిన రెండున్నర గంటలకు అందరి ఫోన్లూ ఒకేసారి మోగడం మొదలుపెట్టాయి. ములుగు జిల్లాలో 5.3 తీవ్రతతో భూకంపం వచ్చిందని, మా ఊళ్లో గిన్నెలు కదిలాయని, జనం బయటికి వచ్చారని ఇళ్ల నుంచి ఒకటే ఫోన్లు. గుంతల రోడ్డు మీద బస్సులో కూర్చున్న మాకు మాత్రం ఏమీ తెలియలేదు. చిన్నోడి తల్లి వెనక్కి పోదామంది. ఇంట్లో అందరూ క్షేమమేనని రెండోసారి ఫోను వచ్చాక గాని స్థిమితపడలేదు.

బస్సులో ఆడవాళ్లకు, పిల్లలకు సగం టికెట్ కాబట్టి ఒక్కొక్కరికి దాదాపు 160 రూపాయలు పడింది. ముగ్గురికీ రానుపోను 960. ఆ రోజే తిరిగి రావడం కుదరదు, గదికి 600. తిండితో కలిపి మొదటి ప్రయాణం రెండు వేలకు కాస్త తక్కువ. ఇంతా చేసి ఆ రోజు చదువు గురించి ఎవరూ ఒక్క ప్రశ్న అడగలేదు. ముందు కళ్లు, చెవులు చూశారు. కళ్లు బాగున్నాయి. కుడి చెవిలో చీము ఉందని, మందులు వాడి నాలుగు వారాల తర్వాత వస్తే తప్ప వినికిడి పరీక్ష చేసి లాభం లేదని చెవి డాక్టరు అన్నారు. నేను బస్టాండులో కూర్చుని ఏడ్చాను. ఆ చెవి కారుతుందన్న సంగతి వాళ్లమ్మకు తెలుసు. బడిలో వాడు మెడ ఎడమవైపు తిప్పి వినడం నేనూ చూశాను, నోట్‌బుక్‌లో రాయలేదు. రాసి ఉంటే సిరోంచలోనే చూపించి, చెవి నయమయ్యాకే వచ్చేవాళ్లం. ఒక పూర్తి ప్రయాణం మిగిలేది. ఇది చదివేవాళ్లు ఇంకేం చేసినా చేయకపోయినా, పిల్లవాడి చెవులు, కళ్లు దగ్గరలోనే చూపించుకుని ఆ కాగితాలతో బయలుదేరండి.

2025 జనవరి 8న రెండోసారి వెళ్లాం. చెవి ఆరింది, వినికిడి మామూలుగానే ఉందని కాగితం ఇచ్చారు. పిల్లల డాక్టరు పరీక్షించి, మనస్తత్వ నిపుణుల దగ్గరికి జనవరి 29కి తేదీ రాయించారు. ఆ తేదీ వినగానే వాళ్లమ్మ నా ముఖం చూసింది. సంక్రాంతి వెళ్లగానే మా వైపు జనం మిర్చి ఏరడానికి తెలంగాణకు పోతారు, పిల్లల్నీ వెంట తీసుకుపోతారు. ఏడాదికి సరిపడా మిరపకాయలు, నాలుగు డబ్బులు అప్పుడే. తేదీ కోసం ఆ పని మానుకోమని చెప్పే హక్కు నాకు లేదు. చివరికి వాళ్లిద్దరూ వెళ్లారు, చిన్నోణ్ని అవ్వ దగ్గర ఉంచారు. వాడు మధ్యాహ్న భోజనం బడిలో తిని, సాయంత్రం మా ఇంటి దాకా నా వెంటే వచ్చేవాడు.

మూడో ప్రయాణం అవ్వతో. నాలుగు రోజుల ముందే, జనవరి 25 నుంచి, బస్సు చార్జీలు పెరిగాయి. సగం టికెట్టే 185 దాటింది. కండక్టరుతో అవ్వ వాదించింది, “మొన్న మా కోడలు నూటరవైకే పోయింది గదా” అని.

మనస్తత్వ నిపుణురాలు మొదట పుట్టుక వివరాలు అడిగారు. ఎన్నో నెలలో మాట్లాడాడు, పుట్టగానే ఏడ్చాడా, జ్వరంతో మూర్ఛ వచ్చిందా. అవ్వకు సగమే గుర్తుంది. మిర్చి చేలో ఉన్న తల్లికి ఫోను కలిపి స్పీకరులో పెట్టాం. గాలి చప్పుడు మధ్య ఆమె ఒక్కొక్కటీ చెబుతుంటే నేను మరాఠీలోకి మార్చి చెప్పాను. ఆ తర్వాత నన్ను బయట కూర్చోమన్నారు. రంగు దిమ్మెలతో బొమ్మలు పేర్చే పరీక్ష తలుపు సందులోంచి కనబడింది, వాడు గబగబా పేర్చేస్తున్నాడు. మాటలతో చేసే భాగం వచ్చేసరికి నన్ను లోపలికి పిలిచి, “అనువాదం చేయండి, సాయం చేయకండి” అన్నారు. ఎంత కష్టమో నాకు ఆ గంటలో తెలిసింది. జవాబు దగ్గరకొచ్చినప్పుడల్లా నా కనుబొమలు వాటంతటవే పైకి లేస్తున్నాయి. ఆమె గమనించి నా కుర్చీని వాడి వెనక్కు జరిపించారు.

తెలివితేటల కొలత (ఐక్యూ) 85 దాటితేనే చదవడం, రాయడం, లెక్కల పరీక్షలు విడిగా చేస్తారట. వాడు దాటాడు. ఆ విడి పరీక్షలకు ఇంకో రెండు గంటలు పట్టింది. ఇంటి భాష తెలుగు, బోధన మరాఠీ అన్న మాట నివేదికలో తప్పకుండా ఉండాలని విశేష్ శిక్షకుడు ముందే చెప్పి పంపారు. నేను అడిగాను, ఆమె రాశారు. నా నోట్‌బుక్ పేజీల నకళ్లు కూడా తీసుకున్నారు. మొదట పంపిన “శ్రద్ధ లేదు” కాగితం ఫైలులో ఇంకా ఉంది. అది చూపించి “ఇదీ మీరే రాశారా?” అని అడిగారు. అవునన్నాను.

ఇక అసలు చిక్కు ఆధార్ దగ్గర వచ్చింది. ఇక్కడ బడి రిజిస్టరులో పేర్లు మరాఠీ పద్ధతిలో రాస్తాం, పిల్లవాడి పేరు, తండ్రి పేరు, చివర ఇంటిపేరు. వీడి ఆధార్‌లో మాత్రం మన పద్ధతిలో ఇంటిపేరు ముందుంది, తండ్రి పేరే లేదు. పైగా పేరులో ఒక అక్షరం తేడా. వైకల్య ధ్రువపత్రానికి స్వావలంబన్ పోర్టల్‌లో దరఖాస్తు పెట్టాలని, ఇలాంటి ప్రభుత్వ దరఖాస్తులు నింపిపెట్టే సేతు కేంద్రానికి ఫిబ్రవరి 17న వెళ్తే, రెండు కాగితాల్లో రెండు పేర్లు ఉంటే ముందు ముందు పదో తరగతి పరీక్షల్లో ఇబ్బంది అవుతుందని అక్కడి కుర్రవాడు హెచ్చరించాడు. అతను చెప్పింది నిజమే. ఆధార్ సవరణకు తల్లిదండ్రులలో ఒకరు ఉండాలి, వాళ్లేమో మిర్చి చేలల్లో. మార్చి రెండో వారంలో వాళ్ల నాన్న ఒక్క రోజు కోసం వచ్చి వేలిముద్ర వేసి వెళ్లాడు. సవరించిన పేరు రావడానికి మూడు వారాలు. ఏప్రిల్ 7న దరఖాస్తు పెట్టాం, సేతు కేంద్రంలో నకళ్లు, ఫొటోలతో కలిపి 150 రూపాయలు తీసుకున్నారు.

ఏప్రిల్ 23న నాలుగోసారి వెళ్లాం. ఈసారి నాన్న వచ్చాడు. ఎండ మండిపోతోంది. వైద్య మండలి ముందు కూర్చున్నది పది నిమిషాలు కూడా లేదు. నివేదికలు చూశారు, చిన్నోణ్ని పేరు అడిగారు, సంతకాలు చేశారు. ఇది వాడికి 14 ఏళ్లు నిండేదాకా చెల్లుతుందని, అప్పుడు మళ్లీ పరీక్ష, 18 ఏళ్లకు ఇంకోసారి, ఆ తర్వాతిది శాశ్వతమని చెప్పారు. బయటికొచ్చాక వాళ్ల నాన్న ఆ కాగితాన్ని తిరగేసి, “గీ ముద్రనేనా మేడం?” అని అడిగాడు. అవునన్నాను. మడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకున్నాడు.

నాలుగు ప్రయాణాలకూ కలిపి ఎనిమిది వేల పైచిలుకు అయింది. మొదటి మూడు నేనే పెట్టుకున్నాను, నాలుగోదానికి ఆయన ఒప్పుకోలేదు. ఇవికాక నావి ఎనిమిది రోజుల సెలవులు. ఆ ఎనిమిది రోజులూ నాలుగు తరగతులనూ ఒక్క చేత్తో నడిపిన నా తోటి ఉపాధ్యాయుడి శ్రమకు లెక్క లేదు.

ధ్రువపత్రం వచ్చినంత మాత్రాన వాడికి చదువు రాలేదు. విశేష్ శిక్షకుడు పదిహేను రోజులకోసారి వస్తున్నారు. మధ్యలో నేను రోజూ పావుగంట మాటల ముక్కలు చేయిస్తున్నాను, ముందు తెలుగులో నోటితో, ఆ తర్వాతే మరాఠీ అక్షరాలతో. పరీక్షల్లో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇస్తున్నాం, ప్రశ్న నేను చదివి వినిపిస్తున్నాను. నాలుగో తరగతి వాచకం పాఠాలు నా గొంతుతో ఫోనులో రికార్డు చేసి వాళ్ల నాన్న ఫోనుకు పంపుతున్నాను. రాత్రిళ్లు వాడు వింటుంటే, మరాఠీ ఒక్క ముక్క రాని అవ్వ కూడా పక్కన కూర్చుని వింటోందట. మొన్న బడికి వచ్చి, “బిడ్డా, జర మెల్లగ చదువు, పోరడు ఉరుకుతున్నడు గని అందుకుంటలేడు” అని చెప్పి వెళ్లింది. అప్పటి నుంచి నెమ్మదిగా చదువుతున్నాను.

ఈ ఏడాది మూడో తరగతిలోకి పందొమ్మిది మంది వచ్చారు. నోట్‌బుక్ కొత్తది మొదలుపెట్టాను. ఇద్దరి పేర్ల మీద పేజీలు తెరిచాను, ఇంకా ఎవరినీ పంపలేదు. మొదటి పేజీలో ఇద్దరికీ చెవి ఏ వైపు తిప్పి వింటారో రాశాను.